విరిగిన బోల్టు

 

ఈ రోజు మనం బోల్టు గురించి మాటాడుకుందాం. బోల్టుతో మాకేటి పని అని నవ్వకండి. మన నరసన్నపేట పెద్ద రోడ్డు మీది ఊరు. ఒకప్పుడు అది 5వ నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 16వ నంబరు. మన ఊళ్లలో ఎందరో ఆటోలు, అద్దె కార్లు నడుపుతున్నారు. బండి తిరిగిన రోజే ఆ ఇళ్లల్లో డబ్బులు కనబడతాయి.

బండి షెడ్డుకి వెళ్లింది. "బోల్టు లోపల విరిగిపోయింది. హెడ్డు మార్చాలి" అన్నారు. హెడ్డు అంటే ఇంజిను పైభాగం. దాన్ని మార్చాలంటే అప్పు చెయ్యాలి. నిజంగా మార్చాలా? ఒక్కోసారి మార్చాలి. చాలాసార్లు అక్కర్లేదు. విరిగిన ముక్కని తియ్యొచ్చు.

బోల్టు ఎందుకు విరుగుతుంది? పొగగొట్టం ఇంజినుకి కలిసే చోటు చూడండి. అక్కడ బోల్టులు రోజూ కాగుతాయి, చల్లారుతాయి. తుప్పు పట్టి మరలు పట్టేస్తాయి. అప్పుడు పానాకి పొడుగు గొట్టం తగిలించి బలంగా తిప్పితే, తల ఊడి చేతికొస్తుంది. మొండెం లోపల ఉండిపోతుంది.

స్టీలు గ్లాసులో ఇంకో గ్లాసు ఇరుక్కుంటే మనం ఏటి చేస్తాం? పై గ్లాసులో చన్నీళ్లు పోస్తాం. కింది గ్లాసుని వేడినీళ్లలో పెడతాం. వేడికి లోహం సాగుతుంది. చలవకి ముడుచుకుంటుంది. పట్టు వదులుతుంది. మెకానిక్కు చేసేదీ ఇలాంటిదే.

ముందు మరలోకి పలచని నూనె దిగేలా పోస్తాడు. రాత్రంతా నాననిస్తాడు. సుత్తితో మెల్లగా తడతాడు. ముక్క పైకి కనబడుతుంటే పట్టకారుతో పట్టి తిప్పుతాడు. ఒకేసారి లాగెయ్యడు. కొంచెం వదులు చేస్తాడు, కొంచెం బిగిస్తాడు, మళ్లీ వదులు చేస్తాడు. పట్టు దొరక్కపోతే ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చేయిస్తాడు. ఆ వేడికే తుప్పు పట్టు సగం వదిలిపోతుంది. వెల్డింగుకి ముందు బ్యాటరీ వైరు తీసేశారా, దగ్గర్లో పెట్రోలు ఉందా చూడాలి. ఇది మీరూ అడగొచ్చు.

ముక్క లోపలే విరిగితే పని కష్టం. నడిమధ్య చుక్క పెట్టి, డ్రిల్లుతో సన్న కన్నం చెయ్యాలి. కన్నం పక్కకి పోతే ఇంజిను మర చెడుతుంది. ఎదురు తిరిగే డ్రిల్లు కూడా ఉంది. దాంతో ఒక్కోసారి కన్నం చేస్తుండగానే ముక్క బయటికొచ్చేస్తుంది. కన్నంలో పెట్టి తిప్పే పనిముట్టుని ఈజీ అవుట్ అంటారు. పేరులో ఉన్నంత సుళువు పనిలో లేదు. బలవంతం చేస్తే అదీ లోపలే విరుగుతుంది. అది గట్టి ఉక్కు. మామూలు డ్రిల్లు దానికి దిగదు. అందుకే ఈ పనిలో బేగి చేసెయ్యమని తొందర పెట్టకూడదు.

మర చెడిపోయినా హెడ్డు పారెయ్యక్కర్లేదు. కన్నం కొంచెం పెద్దది చేసి, తీగచుట్టలాంటి కొత్త మర దింపుతారు. దాని పేరు హెలికాయిల్. హెడ్డుకి పగులు ఉంటే మాత్రం ఆ మాట వేరు. "పగులు ఎక్కడుందో చూపించు బాబూ" అని అడగండి. చూపించమనడం తప్పు కాదు.

కొత్త బోల్టు కొనేటప్పుడు దాని తల చూడండి. చాలా బోల్టుల మీద అంకెలుంటాయి. 4.6 కంటే 8.8 బలమైనది. 10.9 ఇంకా బలమైనది. కంపెనీ బిగించిన నంబరు ఏదో, కొత్తది కూడా అదే నంబరు ఉండాలి. చవకగా వచ్చిందని మామూలు బోల్టు బిగిస్తే మళ్లీ విరుగుతుంది.

నేను మూడు బోల్టులు తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి. ఏ బోల్టు మీద ఏ అంకె ఉందో చదివి పలక మీద రాయండి.