భిన్నస్వరానికి చోటు: ఆటిజం, ఉద్యోగం, సమ్యక్ వాక్కు

 

ధమ్మచక్ర ప్రవర్తన దినాన ప్రసంగించేవారు సాధారణంగా 1956 అక్టోబరు 14న నాగపూర్ దీక్షాభూమిలో జరిగిన మహాఘట్టంతో ఆరంభిస్తారు. మేము ఇవాళ మరొక సభను మీకు జ్ఞాపకం చేయదలిచాము. అది బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో వర్ణించిన శాక్య సంఘ సభ. రోహిణీ నదీజలాల విషయమై శాక్యులకూ కోలియులకూ తగవు ముదిరింది. సేనాపతి యుద్ధ తీర్మానం ప్రవేశపెట్టాడు. సిద్ధార్థుడు లేచి వ్యతిరేకించాడు. తీర్మానం అత్యధిక సంఖ్యాకుల మద్దతుతో నెగ్గింది. అయినా ఆయన యుద్ధంలో చేరనన్నాడు. అప్పుడు సేనాపతి ప్రయోగించిన ఆయుధం ఏమిటో గమనించండి. కోసలరాజు అనుమతి లేనిదే సంఘం మరణదండన విధించలేదు, దేశం నుంచి వెళ్లగొట్టలేదు. కనుక నీ కుటుంబాన్ని సాంఘికంగా వెలివేస్తాం, నీ భూములు జప్తు చేస్తాం అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో మన పూర్వికులకు ఎవరూ వివరించనక్కరలేదు.

నాలుగు దృశ్యాల కథను పక్కనబెట్టి బాబాసాహెబ్ ఈ వృత్తాంతాన్నే ఎందుకు ఎంచుకున్నారో పండితులు చర్చించుకుంటారు. మాకు మాత్రం ఇందులో ఒక సంగతి ముఖ్యంగా తోస్తుంది. మన ధమ్మమార్గం, తన సభలో పదిమందికీ నచ్చని అభిప్రాయం చెప్పి ఓడిపోయిన ఒక యువకుడి నడకతో మొదలైంది. అటువంటి యువకులు నేడు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారిలో కొందరు ఆటిజంతో పుట్టినవారు. వారు చదువుకొని, ఉద్యోగాలు సంపాదించి, ఆ ఉద్యోగాలను కేవలం మాట వల్ల పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారు. ఇలా అన్నందుకు సిద్ధార్థుడికి ఆటిజం అంటగడుతున్నామని ఎవరూ అపార్థం చేసుకోవద్దు.

ఆటిజం రోగం కాదు, బుద్ధిమాంద్యానికి మారుపేరూ కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతోనే ఉండే భేదం. 1943లో లియో కానర్ అనే వైద్యుడు దానిని వర్ణించిన తరువాత చాలాకాలం అది పిల్లల సమస్యగానే చూడబడింది. కాని ఆ పిల్లలు పెద్దవారవుతారు, జీతం తెస్తారు. కొందరికి మాటే రాదు. కొందరికి మాట ధారాళంగా వస్తుంది గాని మాట వెనుక దాగిన మాట అందదు. పూర్వజన్మ కర్మఫలమని కొందరు పెద్దలు ఇంకా గొణుగుతుంటారు. శరీరానికి కలిగే అనుభవాలన్నిటికీ పూర్వకర్మే కారణమనే వాదాన్ని తథాగతుడు సీవక సుత్తంలో తిరస్కరించాడు. బాబాసాహెబ్ ఆ వాదాన్ని అంతకంటె తీవ్రంగా ఖండించారు. ఇక దానిమీద కాలం వెచ్చించము.

ఉద్యోగస్థలంలో జరిగేది చూద్దాం. మధ్యాహ్నం భోజనాల బల్ల. రిజర్వేషన్ల వల్ల ప్రతిభ నశిస్తున్నదని ఒకరంటారు. మన కుర్రవాడివైపు తిరిగి, “నువ్వేమంటావు? ఏమీ అనుకోంలే, చెప్పు” అంటారు. లోకరీతి తెలిసినవాడికి ఆ “ఏమీ అనుకోంలే” ఎంతవరకు నమ్మదగినదో తెలుసు. నవ్వి, పెరుగన్నం కలుపుకుంటాడు. ఆటిజం ఉన్నవాడు ఆ మాటను మాటగానే తీసుకుంటాడు. తన వర్గమేమిటో, తనకు వచ్చిన మార్కులెన్నో, అడిగినవారి వాదంలో తప్పెక్కడుందో వరుసగా చెబుతాడు. ఆ తరువాత భోజనానికి పిలుపు ఉండదు. వార్షిక మదింపులో “నలుగురితో కలవడు” అని ఒక వాక్యం చేరుతుంది. ఎందుకో ఎవరూ అతనికి చెప్పరు. ఊరిలో వెలికి చాటింపు ఉండేది, ఆఫీసు వెలికి అదీ లేదు.

మన యువకులలో అనేకులు కార్యాలయంలో ఇంటిపేరు, పుట్టిన వాడ, గోడమీది బాబాసాహెబ్ పటం, అన్నిటినీ దాచుకొని బతుకుతున్నారు. ఆటిజం ఉన్నవారు దానిపైన తమ సహజమైన తీరునూ దాచుకోవాలి. ఎదుటివారి కళ్లలోకి చూడటం, తగినచోట నవ్వటం, తోచిన మాట మింగటం అన్నీ కష్టపడి అభినయించాలి. రెండు ముసుగులు మోసి ఇంటికి వచ్చినవాడు అలసి గదిలో తలుపు వేసుకుంటే, పొగరు అని మనవారే అంటారు.

లోపమంతా ఒకవైపే ఉన్నదనుకోవడం న్యాయం కాదు. తానే ఆటిజం గల బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఈ సంగతినే వాదించాడు. ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు అందనట్లే, ఇతరులకూ వారి మనసు అందదు, అపార్థం రెండువైపులదీ అని. రెండువైపులదైన అపార్థానికి ఒకవైపు వారే ఉద్యోగంతో మూల్యం చెల్లిస్తున్నారు.

మరి వాడికి మనం ఏమి నేర్పాలి? నోరు మూసుకోమని మేము చెప్పము. “బోధించు, పోరాడు, సమీకరించు” అని గోడల మీద రాసుకొని, ఇంట్లో బిడ్డకు మౌనం నేర్పడం మాకు సమ్మతం కాదు. అలాగని తోచిందల్లా అనమని కూడా ధమ్మం చెప్పలేదు. అభయ రాజకుమార సుత్తంలో తథాగతుడు సత్యమై, హితమైన మాట ఎదుటివారికి అప్రియమైనదైనా చెబుతాడనీ, అయితే దానికి తగిన సమయం ఎరిగి చెబుతాడనీ ఉంది. సత్యం మన పిల్లలకు కొత్తగా నేర్పనక్కరలేదు. వారికి దుర్లభమైనది సమయజ్ఞానం. దానిని ముఖకవళికల నుంచి గ్రహించమంటే వారివల్ల కాదు, నియమంగా చెబితే అవుతుంది.

వినయపిటకంలో అటువంటి నియమం ఒకటి ఉన్నది. ఒక భిక్షువు మరొక భిక్షువు దోషాన్ని ఎత్తిచూపదలిస్తే ముందుగా అతని అనుమతి అడగాలి. “నేను మీతో ఒక మాట చెప్పదలిచాను, అవకాశమివ్వండి” అని. ఇంత చిన్న వాక్యం. “ఈ విషయంలో నా అభిప్రాయం వేరు, ఇప్పుడు చెప్పనా, తరువాత విడిగా చెప్పనా?” అని ఆఫీసు భాషలోకి మార్చుకుంటే, ఎదుటివారి ముఖం చదవవలసిన భారం సగం తగ్గుతుంది.

రెండవది దసరా ఆయుధపూజ. యంత్రాలకూ కంప్యూటర్లకూ బొట్లు పెట్టి హారతి పడుతుంటే, 22 ప్రతిజ్ఞలు చేసిన మన కుర్రవాడు ప్రతిజ్ఞను అక్షరాలా పాటిస్తాడు. “నేను బౌద్ధుణ్ణి, పూజ చేయను” అనడం అతని హక్కు. “మీరు చేసేది మూఢత్వం” అనడం వేరొక వాక్యం. మొదటిది తన నడవడిని గూర్చినది, రెండవది ఇతరుల విశ్వాసాన్ని గూర్చినది. అందరికీ వెంటనే స్ఫురించే ఈ తేడాను అతనికి రెండు వాక్యాలూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపాలి. ప్రభుత్వోద్యోగి అయితే ఇంకొక హద్దును కూడా రాసి చూపాలి. కేంద్ర సివిల్ సర్వీసుల 1964 ప్రవర్తనా నియమావళిలో 9వ నియమం, పత్రికలలోగాని బహిరంగంగాగాని ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదంటుంది. నియమం నచ్చకపోవచ్చు, కాని అది రాసి ఉన్నది. మన పిల్లలను చిక్కుల్లో పడవేసేవి చాలావరకు రాయని నియమాలే.

కార్యాలయాలు చేయవలసినది ఇక్కడే మొదలవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం ఉన్నది. ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధి మొదలైనవాటికి కలిపి కేటాయించారు. 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తగిన సర్దుబాట్లు కల్పించాలి. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. సర్దుబాటు అంటే ర్యాంపు ఒక్కటే కాదు. సమావేశ విషయాలను ముందురోజే రాసి ఇవ్వడం, మాట నొప్పించితే సైగలతో కాక సూటిగా, ఏకాంతంగా చెప్పడం కూడా సర్దుబాటే. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, కేంద్ర రిజర్వు పోలీసు దళ అధికారి ఒకరి కేసులో, మానసిక వైకల్యం వల్ల కలిగిన ప్రవర్తనపై క్రమశిక్షణ చర్య తీసుకోవడం పరోక్ష వివక్ష కాగలదని చెప్పింది. అది ఆటిజం కేసు కాదు, అయినా మన తల్లిదండ్రులు దాని సారం తెలుసుకొని ఉండాలి.

ఇంతసేపూ పరుల కార్యాలయాలను గూర్చి మాట్లాడాము. మన సంఘాల సంగతి? ఆటిజం ఉన్న ఒక ఉపాసకుడు లేచి, పాలి సుత్తాలు ఒకటి చెబుతుంటే బాబాసాహెబ్ గ్రంథం మరొకటి చెబుతున్నదే అని అడిగితే, లేదా జమాఖర్చులలో ఫలానా అంకె తప్పని అధ్యక్షులవారి ముందే అంటే, మనమేమంటాం? వర్షావాసం ముగిసే పవారణ నాడు ప్రతి భిక్షువూ, నాలో మీరు చూచిన, విన్న, అనుమానించిన దోషముంటే చెప్పండని తానే సంఘాన్ని వేడుకునేవాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్, తీర్మానం, కోరం, రహస్య ఓటు వంటి సభా నియమాలు భిక్షు సంఘాలకు తెలుసునని గర్వంగా చెప్పారు. నియమం స్పష్టంగా ఉన్న సభలో మాటనేర్పు లేనివాడికీ మాట దక్కుతుంది. పెద్దల మొహమాటాలతో నడిచే సభలో దక్కదు.

అందుచేత మేము కోరేది ఇది. వచ్చే సర్వసభ్య సమావేశానికి విషయసూచిక వారం ముందే అచ్చులో సభ్యులకు అందాలి. మౌఖికంగా చెప్పలేనివారు రాసి ఇచ్చిన అభిప్రాయాన్ని కార్యదర్శి మార్చకుండా చదవాలి. పవారణ పూర్ణిమ నాడు కార్యవర్గమంతా వేదిక దిగి కూర్చొని, తమ దోషాలు చెప్పమని సభ్యులను అడగాలి. ఆటిజం గల యువతీయువకుల తల్లిదండ్రులు ఈ సాయంత్రం భోజనాల తరువాత గ్రంథాలయం గదికి రండి. వైకల్య ధ్రువపత్రానికీ యూడీఐడీ కార్డుకూ దరఖాస్తులు నింపడంలో తోడ్పడేవారు అక్కడ ఉంటారు. మీ బిడ్డలను కూడా తీసుకురండి. ఆ గదిలో మైకు ఉండదు.