తెఱచిన వాకిలి: శాన్‌ఫ్రాన్సిస్కో నగర కళాశాల



విద్యానిధినిగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. జమాఖర్చులు చదువుట మాకు చేతగాదు. జీవితమంతయు బాలురకు శబ్దములును ధాతువులును వల్లెవేయించినవారము. కావున అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఒక కళాశాల చరిత్రమును విన్నవించెదము. నిధి సంగతి తుదకు దానంతట నదియే వచ్చును.

ఆ దేశమున పురజనుల ధనముతో నడచు రెండేండ్ల కళాశాలలు కలవు. వీనిని కమ్యూనిటీ కళాశాల లందురు. అందు చదివినవారు పిమ్మట విశ్వవిద్యాలయమున మూడవ యేట చేరవచ్చును, లేదా ఒక వృత్తి నేర్చి బ్రతుకుతెరువు చూచుకొనవచ్చును. అదే రాష్ట్రమున ఫ్రెస్నో పట్టణము 1910 లోనే ఇట్టిదానిని నెలకొల్పుకొనగా, శాన్‌ఫ్రాన్సిస్కో మహానగరము 1935 వఱకు మేల్కొనలేదు. అవి పనులు దొరకక జనులు అలమటించుచున్న దినములు. ఆర్చిబాల్డ్ క్లౌడ్ అను విద్యాధికారి పట్టుదలచే కళాశాల ఏర్పడెను, ఆయనయే ప్రథమాధ్యక్షుడు. సొంత భవనము లేదు. ఉదయమొకచోట, మధ్యాహ్నమొకచోట పాఠములు జరుగుచుండుటచే విద్యార్థులు ట్రాము బండ్లలో పరుగులిడుచుండిరి. జనులు దానిని ‘ట్రాము కళాశాల’ యని పరిహసించిరి. 1940 లో బాల్బోవా ఉద్యానప్రాంతమున విజ్ఞానశాస్త్ర భవనము వెలసెను. ఆ నేలపై పూర్వము చెఱసాల యుండెడిది. ఈ యొక్క ముక్క విన్ననాడు మాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

యుద్ధానంతరము సైనికులు తిరిగివచ్చి చదువునకు కూర్చుండిరి. సైన్యము విడిచిన బారకాసులే వారికి తరగతి గదు లయ్యెను. నేడు ప్రధానస్థలముగాక మిషన్ పేటలోను, చైనావారి పేటలోను శాఖలు కలవు. చైనా పేటవారు బహుకాలము అద్దె గదులలో చదివి చదివి, 2012 లో మాత్రమే క్రొత్త మేడ యెక్కిరి. అచట దాదులకు వలసిన వైద్యోపచార విద్య, హోటలు నడుపు విద్య, పాకశాస్త్రము మున్నగునవి నేర్పుదురు. క్రొత్తగా వలసవచ్చినవారికి ఇంగ్లీషు అక్షరములనుండి ఉచితముగా చెప్పుదురు. పదునెనిమిదేండ్లు నిండినవాడెవడైనను చేరవచ్చును. నీకు మార్కు లెన్ని యని వాకిట నడుగువాడు లేడు.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలెను. ఒకనాడు మగ్గముమీద పనిచేయు కుఱ్ఱవాడొకడు తొమ్మిదవ తరగతిలో చేర వచ్చెను. వయస్సు మించినదని నిబంధన చూపి పంపివేసితిమి. నిబంధన యున్నమాట నిజమే. కాని పై యధికారికి ఒక యర్జీ వ్రాయుటకు మా చేతిలో కలము లేకపోలేదు. అతడు మాఱు మాటాడక నమస్కరించి పోయెను. ఆ నమస్కారము నేటికిని మమ్ము బాధించుచున్నది.

ఇక ఆ కళాశాలకు వచ్చిన యాపద. కళాశాలలకు గుర్తింపునిచ్చు సంఘము 2012 జులైలో ఇచటి పాలనలోను ధనవ్యవహారములోను లోపములెన్నుచు, గుర్తింపు ఏల తీసివేయరాదో చెప్పుమని తాఖీదు పంపెను. మఱుసటి యేడు జులైలో, 2014 జులై నెలాఖరునుండి గుర్తింపు రద్దని నిర్ణయించెను. గుర్తింపు పోయిన ప్రభుత్వ ద్రవ్యము పోవును; ద్రవ్యము పోయిన వాకిలి మూతపడును. ఆ లోపములన్నియు కల్పితములని మే మనము. లెక్కలు సరిగా లేని సంస్థ దానధర్మములు చేయుచున్నను దోషియే. అయినను లెక్కలు తప్పినందులకు చదువరులను వీథిలోనికి నెట్టుట యే ధర్మము?

పురజనులు ఊరకుండలేదు. 2012 నవంబరులోనే ప్రతి స్థలముపై ఏటేట 79 డాలర్ల పన్ను తమకు తామే విధించుకొనిరి. పన్ను వేయుడని ఓటిచ్చిన జనులను మేము చూచియుండలేదు! 2013 లో నగర న్యాయవాది ఆ సంఘముపై వ్యాజ్యము వేసెను. 2014 జనవరిలో న్యాయస్థానము రద్దును నిలిపెను. పిదప సంఘము చట్టమును మీఱినదని తీర్పు వచ్చెను. 2017 జనవరిలో ఏడేండ్లకు గుర్తింపు మరల లభించెను. ఈ నడుమ భయపడి వేలకొలది విద్యార్థులు మానిరి. వారిలో ఎందఱు తిరిగి వచ్చిరో, ఎందఱు మా మగ్గపు కుఱ్ఱవానివలె మాటాడక పోయిరో యెవ రెఱుగుదురు?

2016 నవంబరులో, 50 లక్షల డాలర్లు మొదలు అంతకు మించిన వెలగల యాస్తుల విక్రయముపై పన్ను హెచ్చించుటకు పౌరులు సమ్మతించిరి. ఆ యాదాయము నాసరాగొని 2017 నుండి నగరవాసుల బోధనారుసుమును నగరమే చెల్లింప నారంభించెను.

మన విద్యానిధి నియమావళిలో మూడవ నియమము ‘ఇరువదియేండ్లు దాటినవారికిని, ఒకసారి పరీక్ష తప్పినవారికిని సాయము లేదు’ అని యున్నది. దానిని వ్రాసినవారిలో మేమును ఒకరము. ఆ పంక్తిని కొట్టివేయవలెనని సవరణ వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. అది నేటి మధ్యాహ్నము మూడు గంటలకు సభ ముందునకు వచ్చును.