కడిగిన కారు – బ్రేకు డిస్కుల త్రుప్పు

కారు కడిగి నిలిపిన మరునాడు చక్రముల సందులనుండి చూచినచో, బ్రేకు డిస్కులపై ఎఱ్ఱని పొర కనబడును. మొదట మేమును దానిని చూచి కలవరపడితిమి.

డిస్కు పోత ఇనుముతో చేసినది. ప్యాడ్లు ఒరయు భాగమునకు రంగు వేయ వీలులేదు. కనుక తడి సోకిన కొన్ని గంటలలోనే త్రుప్పు పట్టును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరములలో ఉప్పుగాలి దానిని త్వరపరచును.

నివారణ సులభము. చక్రములు చల్లారిన పిమ్మటనే కడుగవలెను. కడిగిన వెంటనే షెడ్డులో పెట్టక, రద్దీలేని బాటపై కొంతదూరము నడుపుచు, వెనుక బండ్లు లేనప్పుడు నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేయవలెను. ఆ రాపిడి వేడికి తడి ఆరిపోవును. పలుచని త్రుప్పు పట్టినను ఇట్లే రాలిపోవును. తడి బండికి హ్యాండుబ్రేకు బిగించి దినములకొలది ఉంచినచో ప్యాడ్లు అంటుకొనవచ్చును. సమతలమున గేరులో నుంచి, చక్రములకు అడ్డు పెట్టుట మేలు.

త్రుప్పునకు వెఱచి డిస్కునకు నూనెగాని గ్రీజుగాని పూయరాదు. ఒకప్పుడు మేము నూనెగుడ్డ తీసికొనగా మా మెకానిక్కు చేయిపట్టి ఆపెను. త్రుప్పు రెండు మూడు బ్రేకులతో పోవును. నూనె త్రాగిన ప్యాడు అవసరమునకు పట్టదు.

కొన్నాళ్లు నడిపినను గరగర శబ్దము పోక, డిస్కుపై గుంటలు కనబడినచో వెంటనే మెకానిక్కునకు చూపవలెను.