ఊరికే దొరికినా ఒకరి సొత్తే
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతులుకు కంప్యూటర్ సంగతులెందుకని మీలో కొందరు అనుకోవచ్చు. ఉర్దూ మీడియంలో చదివిన మన పిల్లలు ఈనాడు తిరుపతిలో, చిత్తూరులో అంగళ్లకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసి అమ్ముతున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే ఎవరూ మొదటి నుంచి చివరిదాకా సొంతంగా రాయరు. ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ కోడ్ తెచ్చి కలుపుకుంటారు. అది తప్పు కాదు. దాని షరతులు చదవకపోవడం తప్పు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా అందులోకి వచ్చాయి. పుస్తకం రాసినవాడికి ఉన్నట్టే ప్రోగ్రాం రాసినవాడికీ హక్కు ఉంది. "వాడుకోండి" అన్నంత మాత్రాన ఆయన హక్కు వదులుకున్నట్టు కాదు. షరతుల మీద అనుమతి ఇచ్చాడన్న మాట. ఆ అనుమతి పత్రమే లైసెన్సు.

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఎమ్.ఐ.టి., బి.ఎస్.డి. వంటివి మొదటి రకం. మార్చుకోండి, అమ్ముకోండి, మీ కోడ్ మీరు దాచుకోండి, గాని రాసినవారి కాపీరైటు ప్రకటన తీసెయ్యకండి అంటాయి. రెండో రకం జి.పి.ఎల్. దీన్నీ అమ్ముకోవచ్చు. కాని ఆ కోడ్ కలిపి చేసిన ప్రోగ్రాం ఎవరికి ఇస్తే వారికి దాని సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్సు కింద అందించాలి. కొన్నవాడు మరొకరికి ఇచ్చినా అడ్డుపడరాదు. మన ఆఫీసులో మనమే వాడుకుంటే ఈ బాధ్యత లేదు.

మన అక్షరాలే చూడండి. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు జి.పి.ఎల్. కింద వచ్చాయి. సిలికానాంధ్ర వారి మండలి, రామభద్ర, ఉర్దూకు గూగుల్ వారి నోటో నస్తలీఖ్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివి. ఈ రెండో రకం ఫాంట్లతో పెళ్లి పత్రికలు అచ్చువేసి డబ్బు తీసుకోవచ్చు, ప్రోగ్రాంలో కలిపి అమ్మవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మరాదు.

"ఊరికే ఇచ్చినవాడు కోర్టుకెక్కుతాడా?" అంటారేమో. ఎక్కాడు. అమెరికాలో జేకబ్సన్ అనే ఆయన బొమ్మరైళ్లు నడిపే ప్రోగ్రాం ఉచితంగా పంచారు. కాట్జర్ అనే వ్యాపారి తన ప్రోగ్రాంలో ఆ ఫైళ్లను రాసినవారి పేర్లు లేకుండా వాడుకున్నాడని ఆయన కేసు వేశారు. ఉచిత లైసెన్సు షరతులు కూడా కాపీరైటు చట్టం కింద చెల్లుతాయని 2008లో అప్పీలు కోర్టు తేల్చింది. మన చట్టంలో తెలిసి హక్కుభంగం చేసినవారికి జైలు శిక్ష కూడా ఉంది.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ, తెచ్చిన ప్రతి కోడ్‌కూ ఒక పుస్తకంలో పద్దు రాయండి. ఎవరిది, ఎక్కడిది, ఏ లైసెన్సు అని. లైసెన్సు లేని కోడ్ అంటే అనుమతి లేని కోడ్, దాని జోలికి పోవద్దు. జి.పి.ఎల్. మీ వ్యాపారానికి కుదరకపోతే రాసినవారినే వేరే అనుమతి అడగండి. ఉద్యోగంలో రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. దాన్ని ఇంటికి తెచ్చి అమ్మవద్దు. రేపు మీరు రాసినదాన్ని కాపాడేదీ ఈ చట్టమే.

సంఘం పెద్దలు వేసవి సెలవుల్లో ఈ లైసెన్సులు చదివి చెప్పించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.