"మామా, ఈడ చూసేదానికి ఏముంది?"

ఈ రోజు ఎపిసోడ్ మా ఊరి గురించి. మాది రాప్తాడు. అనంతపురం నుంచి బెంగళూరు పోయే హైవేలో, అనంతపురం దాటిన కొంచెంసేపటికే వస్తుంది. మీరు ఆ దారిలో బస్సులో పోయుంటే మా ఊరు దాటే ఉంటారు. ఆ టైంలో ఫోన్ చూసుకుంటూ ఉంటారు, అంతే. నేనూ అదే పని చేస్తా, తప్పేం లేదు.

పోయిన వేసవి సెలవులకి మా అక్క పిల్లలు బెంగళూరు నుంచి వచ్చారు. పిల్లోడు ఆరో క్లాసు, పాప మూడో క్లాసు. రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు నెట్ సరిగా రాలేదు. పాప నా దగ్గరికొచ్చి, "మామా, ఈడ చూసేదానికి ఏముంది?" అనింది.

నేను ఆలోచించకుండా, "ఏమీ లేదమ్మా. సాయంత్రం అనంతపురం పోయి ఐస్‌క్రీం తిందాం లే" అన్నాను. పక్కనే మా అవ్వ శెనక్కాయలు వొలుస్తా కూర్చొని ఉంది. ఏమీ అనలేదు. చేతులు ఆపి నా వైపు ఒక చూపు చూసింది, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుట్టి పెరిగిన ఊరు గురించి ఒక చిన్నపిల్లకి పది నిమిషాలు చెప్పేంత కూడా నా దగ్గర లేదా? బళ్లో పానిపట్టు యుద్ధాలు మూడూ బట్టీ పట్టాను. మా పక్కన పారే వంక పేరు మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. అందుకే కొంచెం చదివాను, కొంచెం అవ్వను అడిగాను. పొద్దున్నే పిల్లల్ని బైక్ ఎక్కించుకున్నాను.

మొదట హైవే పక్కన ఆపాను. "ఈ రోడ్డు పేరు ఎన్‌హెచ్ 44. దేశంలోనే పొడవైన హైవే. ఇట్ల పోతే శ్రీనగర్, అట్ల పోతే కన్యాకుమారి" అని చెప్పాను. పిల్లోడు రెండు వైపులా చూసి, "అంటే ఇట్నే పోతా ఉంటే మంచు వస్తుందా?" అన్నాడు. వస్తుంది రా! అప్పటిదాకా వాడికి అది బెంగళూరు బస్సు వచ్చే రోడ్డు మాత్రమే.

తర్వాత ఒక ఆట ఆడాం. ఆట పేరు "ఇల్లు కదలకుండా అడ్రస్ మార్చడం". 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. అనంతపురంలోనే ఉండి, పొలాలు కొలిపించి, శిస్తు నేరుగా రైతు పేరు మీదే కట్టించుకున్నాడు. తర్వాత మేం బళ్లారి జిల్లా అయ్యాం. 1882లో అనంతపురం జిల్లా పుట్టింది. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి "రాయలసీమ" అని పేరు పెట్టారు. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, ఆ ఏడాది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022లో జిల్లాను రెండు చేశారు. పుట్టపర్తి అటు పోయింది, మేం ఇటే ఉన్నాం.

పాప వేళ్లు లెక్కపెట్టుకుంటా, "ఇల్లు మాత్రం ఈడనే ఉందా?" అనింది. ఈడనే ఉంది తల్లీ.

ఇంక వాన సంగతి. కరువు అంటే పిల్లలకి ఎట్ల చెప్పాలి? మా జిల్లాలో సగటున సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన. పాపను నిలబెట్టి టేపుతో కొలిచాను. ఏడాది వానంతా ఒక్కచోట నిలబెడితే ఆమె మోకాలు దాటి తొడ దాకా వస్తుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం దాటి మా దాకా వచ్చేలోపు బలం తగ్గిపోతాయి. మేం మధ్యలో ఉన్నాం. పైగా, పడిందాని కంటే ఎండకు ఆవిరయ్యేదే ఎక్కువ.

"మరి ఇంతమంది ఎట్ల బతికినారు మామా?" అని అడిగాడు పిల్లోడు. ఆ ప్రశ్న కోసమే కాచుకోనున్నా. బైక్ తీసి నేరుగా బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదికి తీసుకుపోయాను.

ఆ చెరువుకి పండమేరు నీళ్లొస్తాయి. పండమేరు కనగానపల్లి వైపు నుంచి మా రాప్తాడు మండలం మీదుగా అనంతపురం వస్తుంది. 14వ శతాబ్దంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు ఈ నీళ్లకి అడ్డంగా కట్ట వేయించాడని చెప్తారు. కట్టకి ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం. ఆ రెండోదే మన అనంతపురం. అంటే జిల్లా పేరు కూడా ఒక చెరువు దగ్గర పుట్టిందే. పిల్లలకి కట్ట, తూము, మరవ ఒక్కొక్కటీ చూపించాను. తూము తెరిస్తే పొలాలకి నీళ్లు. ఎక్కువైన నీళ్లు మరవ మీద పారి కింది చెరువుకి పోతాయి. ఏ పొలానికి ఎంతసేపు వదలాలో చూసేదానికి నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. వాన తక్కువని తెలిసే, పడిన ప్రతి చుక్కకీ దారి కట్టిపెట్టారు. అయినా ఇవన్నీ ఎండిపోయిన ఏళ్లూ ఉన్నాయి. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. అది కూడా దాచకుండా చెప్పాను.

ఆ కట్ట మీదే ముసలమ్మ కథ చెప్పాను. పేరు ముసలమ్మ గానీ వయసులో ఉన్న కోడలు. చెరువు తెగబోతుంటే, ఆమెను బలిస్తే ఊరు నిలుస్తుందని మాట వినిపించిందట. ఆమె తనంతట తానే పోయి నీళ్లలో కలిసిపోయిందట. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ కథతో "ముసలమ్మ మరణం" అనే కావ్యం రాశారు.

నేను బాగా చెప్పానని అనుకుంటున్నా. పాప మాత్రం ముఖం చిట్లించి, "మామా, కట్ట తెగుతా ఉంటే రాళ్లు వెయ్యాల గదా? ఆ అక్కను ఎందుకు వేసినారు?" అనింది.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లూ నేను ఆమె త్యాగం గురించే విన్నాను గానీ, ఆ కట్టను చూసుకోవాల్సిన వాళ్లంతా ఏం చేస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

నాకు వెంటనే 2024 అక్టోబరు గుర్తొచ్చింది. ఒక్క రాత్రి కుండపోత వానకి పండమేరు పొంగింది. అనంతపురం శివారు కాలనీల్లో ఇళ్లు మునిగాయి. జనం కట్టుబట్టలతో మిద్దెలెక్కారు. కరువు జిల్లాలో వరద! ఏళ్ల తరబడి ఇసుకే కనిపిస్తే, అది నీళ్ల దారి అని మనం మర్చిపోతాం. వంక మాత్రం మర్చిపోదు.

అందుకే ఈ మాట చెప్తున్నా. పిల్లలకి ఊరి చరిత్ర చెప్పడం అంటే గొప్పలు చెప్పుకోవడం కాదు. మా రాప్తాడులో కోట లేదు, మ్యూజియం లేదు. కానీ వంక ఎటు పారుతుందో, చెరువు మరవ ఎక్కడుందో తెలిసిన పిల్ల రేపు పెద్దయ్యాక ఇల్లు ఎక్కడ కట్టుకోకూడదో తెలుసుకుంటుంది. వార్డు మీటింగులో లేచి అడుగుతుంది. ఈ పాప మూడో క్లాసులోనే అడిగింది.

ఇంటికొచ్చాక అవ్వ సంగటి, ఊరుబిండి పెట్టింది. తింటా పిల్లోడు అడిగాడు, "మా బెంగళూరులో చెరువులు లేవు కదా మామా?" అని. "నువ్వు దిగే మెజెస్టిక్ బస్టాండు ఉందే, అది ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు రా" అన్నాను. వాడు ముద్ద చేతిలో పట్టుకొని అట్లే ఉండిపోయాడు. అవ్వ ఈసారి కూడా ఏమీ అనలేదు. నా గిన్నెలో ఇంకో ముద్ద వేసింది.

మీకు ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లల్ని ఒక గంట బయటికి తీసుకుపోండి. మూడే ప్రశ్నలు. మన ఊరి వాన నీళ్లు ఎటు పోతాయి? మన ఇల్లు ఇప్పటిదాకా ఏయే జిల్లాల్లో ఉంది? ఇంట్లో పెద్దవాళ్లు చూసిన పెద్ద కరువు ఏది, పెద్ద వాన ఏది? పెద్దవాళ్లు చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకోండి. మా అవ్వ చెప్పింది నేను రికార్డు చేసుకున్నా, నలభై నిమిషాలు వచ్చింది.

మీ పిల్లలు ఏం అడిగారో కామెంట్లో రాయండి. మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఉంటే అది ముందు రాయండి. ఉంటా మరి, నమస్తే.