కొల్లేరు ఎవరికి బాగుపడాలి?

(జంషెడ్‌పూర్‌ అగ్రికోలో తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



అగ్రికోలో కొల్లేరు గురించి ఎందుకని మీరు అడగొచ్చు. 2025లో సాహిబ్‌గంజ్ జిల్లా ఉధ్వా సరస్సు జార్ఖండ్‌లో తొలి రామ్‌సర్ చిత్తడి నేల అయింది. కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లోనే వచ్చింది. అక్కడి అనుభవం ఇక్కడివారికీ పనికొస్తుంది.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వరదను తనలో నిలుపుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదులుతుంది. నీరు నిండితే వేట, తీస్తే సాగు. వడ్డి కులస్తులు, దళితులు ఇలాగే బతికారు.

1976లో ప్రభుత్వం పేదల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. కానీ చేపపిల్లకు, మేతకు, గట్టుకు డబ్బు కావాలి. డబ్బున్నవాళ్లు లీజు పేరుతో దిగారు. సంఘం కాగితం మీద మిగిలింది. సభ్యుడు తన చెరువు మీదే కూలీ అయ్యాడు. గట్లు పెరిగి నీటి దారులు మూసుకుపోయాయి.

1999లో +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు తెగ్గొట్టారు. తెగ్గొట్టడం తప్పని నేననను. నీటికి దారి కావాలి. కానీ లీజుదారు తన పెట్టుబడిని మరోచోటికి మార్చుకోగలడు. లంక గ్రామంలోని భూమి లేని మనిషి ఎక్కడికి పోతాడు? 2008లో అభయారణ్యాన్ని +3కు కుదించాలని శాసనసభ తీర్మానించింది. పేదల పేరు చెప్పి అడిగే ఆ కుదింపు వల్ల ఎవరి చెరువులు పెరుగుతాయో ఆలోచించండి.

ఒడిశాలోని చిలికాలో కూడా రొయ్యల చెరువులపై మత్స్యకారులే పోరాడారు. 1999 మే 29న సొరానాలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. మరుసటి ఏడాది సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచాక సరస్సు కోలుకుంది. నీరు కదిలితే చేప తిరిగొస్తుంది. ఆ చేప ఎవరి వలలో పడుతుందన్నది మాత్రం నీరు తేల్చదు, హక్కు తేలుస్తుంది.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్లు తాగింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. ఉమ్మడి నీటిలో సమాన హక్కును చాటడానికి.

అందుకే పునరుద్ధరణ పథకం ఏది వచ్చినా మూడు ప్రశ్నలు అడుగుదాం. వేట హక్కు ఎవరి పేరున రాశారు? గట్టు తెగిన రోజు నుంచి చేప తిరిగొచ్చే దాకా కూలీ ఇంటికి తిండి ఎవరు పెడతారు? నిర్ణయం తీసుకునే కమిటీలో వలవేసే మనిషి, దళిత మహిళ కూర్చున్నారా?

ఈ ప్రశ్నలకు జవాబు లేని పథకం పక్షుల లెక్క పెంచొచ్చు. సరస్సు మీద బతికే మనిషిని మాత్రం లెక్కలోంచి తీసేస్తుంది. మీ పరిశోధనలు అక్కడి నుంచే మొదలుకావాలి.

జై భీమ్.