కంటికి కనబడని వెలుగు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పావగడ ప్రాంతమునుండి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనకు ఎండను గురించి ఒకరు చెప్పనక్కరలేదు. వేరుసెనగ చేను మాడినా, బావి ఎండినా ఆ ఎండనే తిట్టుకున్నాము. నేడు అదే ఎండ తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాలలో పరచిన సౌరఫలకములపై పడి, 2,050 మెగావాట్ల సామర్థ్యము గల విద్యుత్కేంద్రమును నడుపుతున్నది. ఆ ఫలకములు మనకు కనబడే వెలుగునే కాక, ఎరుపుకు ఆవలనున్న కనబడని వెలుగును కూడా కొంత గ్రహిస్తాయి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎరుపు దాటిన చోట ఉష్ణమాపకము ఉంచితే, ఏ రంగూ లేని ఆ చోటనే వేడి తెలిసినది. అదే పరారుణ కాంతి. ఎరుపుకు దగ్గరనున్న దాని భాగముతో నేడు వైద్యులు కంటి లోతులను చూస్తున్నారు. ఆ సంగతే ఈ పూట మనవి చేస్తాము.

చీకటి గదిలో టార్చిలైటును అరచేతితో మూసి చూడండి. వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. నీలమును, పచ్చను రక్తము మింగివేస్తుంది. ఎరుపు దాటి వస్తుంది. సుమారు 700 నుండి 900 నానోమీటర్ల కాంతిని రక్తమూ, నీరూ కూడా అంతగా అడ్డుకోవు గనుక అది మరింత లోతుకు పోతుంది.

కాంతి లోపలికి పోతే చాలదు. చూడవలసినది తిరిగి వెలగాలి. ఒక కాంతిని మింగి మరొక కాంతిని వెలువరించే రంగులున్నవి. ఆ గుణమును ప్రతిదీప్తి అంటారు. 1961లో అమెరికాలో నొవోట్నీ, ఆల్విస్ అనువారు ఫ్లోరసీన్ అనే రంగును రక్తములోనికి ఎక్కించి, రెటీనాలోని నాళములను ఫోటో తీసిన వైనము ప్రకటించారు. అది నీలికాంతి పడితే పచ్చగా వెలుగుతుంది. కాని రెటీనా వెనుక వర్ణకపు పొర ఒకటి ఉన్నది. దాని చాటుననున్న నాళములు ఈ పద్ధతికి చక్కగా దొరకవు. అక్కడ పనికి వచ్చేది ఇండోసయనిన్ గ్రీన్. కోడక్ ప్రయోగశాలలలో తయారైన ఈ రంగును 1959లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ అనుమతించినది. ఇది 800 నానోమీటర్ల దగ్గరి కాంతిని గ్రహించి, 830 దగ్గర తిరిగి వెలుగుతుంది. రక్తములోని ప్రోటీనులకు అంటుకొని నాళములలోనే నిలిచి, పిదప కాలేయము ద్వారా పైత్యరసములో పోతుంది.

ఇక అన్ని లోతుల వెలుగూ కలిస్తే బొమ్మ మసకబారుతుంది. మెదడులోని నాడీకణములను చూడదలచిన మార్విన్ మిన్‌స్కీ 1955లో హార్వర్డులో ఒక ఉపాయము పన్నినాడు. ఒక్కొక్క బిందువునే వెలిగించి, తిరిగి వచ్చే కాంతిని సూదిబెజ్జమంత రంధ్రముగుండా పట్టుట. ఇతర లోతులనుండి వచ్చే కాంతి చాలావరకు బెజ్జము బయటనే ఆగిపోతుంది. కళ్ళములో పొట్టు ఎగిరి గింజ మిగిలినట్లే. 1957లో దరఖాస్తు పెట్టగా 1961లో పేటెంటు వచ్చినది. ఇదే కన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని. ఈ సూత్రముతోనే కంటిని లేజరుతో పరీక్షించే పరికరములు వచ్చినవి. అయితే తరంగము పొడవైన కొద్దీ సన్నని వివరము తగ్గుతుంది. లోతు కావలెనంటే కొంత నిశితమును వదులుకోవలసినదే.

ఇంత చెప్పుటకు కారణమున్నది. మా బంధువులలో ఒక పెద్దాయనకు చాలా ఏళ్ళుగా మధుమేహము. కంటి పరీక్షకు రమ్మంటే, "బాగానే కనపడతాది లేప్పా" అనేవాడు. మేమూ సరేనన్నాము. చివరకు ఒక కన్ను పోయిన తరువాత ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. మధుమేహము చూపు తగ్గకముందే రెటీనాను చెరుపుతుందని అప్పుడు తెలిసినది. తప్పు ఆయనది కాదు. దూరమున కూర్చుని ఊరకున్న మాది.

ఈ పెద్ద యంత్రములు అందరికీ అవసరము కావు. రంగు ఎక్కించే పరీక్ష కావలెనో లేదో వైద్యులే నిర్ణయిస్తారు. మధుమేహమున్నవారికి ఏటేటా కంటిపాప పెద్దది చేసి రెటీనాను చూపించుట మాత్రము తప్పనిసరి. పావగడలోనే శారదాదేవి కంటి ఆసుపత్రి ఉన్నది. పండుగకు ఊరికి పోయేటప్పుడు అమ్మానాన్నలకు కొత్తబట్టలు కొంటాము. వాటితోపాటు ఒక పూట వారిని వెంటబెట్టుకొని కంటి వైద్యుని వద్దకు పోదాము. ఎంత లోతుకు పోయే వెలుగైనా, మనము తీసుకొనిపోని కంటిని చూడలేదు.